రాత్రి టికెట్ కన్నా గ్రౌండ్ పాసే నయం

నేను టెన్నిస్ ఆడినవాణ్ణి కాదు. తెనాలిలో పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ ఇరవై ఏళ్లు బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. పసుపు ఉన్ని బంతి, మట్టి కోర్టు, అంపైరుతో గొడవలు, ఇదే నా అనుభవం. 2024 జనవరిలో మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి రెండుసార్లు వెళ్లాను. ఒకసారి గ్రౌండ్ పాస్ మీద, ఇంకోసారి అక్కడి ప్రధాన స్టేడియం రాడ్ లేవర్ అరీనాలో రాత్రి టికెట్ మీద. పిల్లల దగ్గరికి జనవరిలో వెళ్లే తల్లిదండ్రులు ఎందరో ఉంటారు కదా, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

గ్రౌండ్ పాస్ అంటే పెద్ద అరీనాలో నంబరు సీటు ఉండదు. బయటి కోర్టులన్నీ తిరగొచ్చు, జాన్ కెయిన్ అరీనా అనే ఇంకో స్టేడియంలో ఖాళీ దొరికిన చోట కూర్చోవచ్చు. రాడ్ లేవర్ టికెట్ ధరలో ఇది చిన్న ముక్క. పురుషుల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. అంటే మొదటి రౌండ్‌లోనే 64 మ్యాచ్‌లు. ఆ ఏడాది తొలిసారి ఆదివారం మొదలుపెట్టి మొదటి రౌండ్‌ని మూడు రోజులకు సర్దారు. మేము వెళ్లింది మూడో రోజు, మంగళవారం, జనవరి 16. మన దేశపు ఆటగాడు సుమిత్ నాగల్ మ్యాచ్ ఆ రోజేనని కోడలు ముందే చూసి పెట్టింది.

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో రైలెక్కి ఊళ్లోకి వెళ్లి, ఫ్లిండర్స్ స్ట్రీట్ దగ్గర 70వ నంబరు ట్రామ్ పట్టుకుంటే గేటు దగ్గర దింపుతుంది. ఇంటి తిండి లోపలికి తీసుకెళ్లొచ్చు. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. లోపల ఒక కాఫీ ధర చూసి, రూపాయల్లోకి లెక్క కట్టుకుని, మంచినీళ్లు తాగి ఊరుకున్నాను. టోపీ మాత్రం మరవద్దు. అక్కడి ఎండ మన ఎండలా ఉక్కపోత పెట్టదు, అందుకే చర్మం మాడుతున్నట్టు తెలియదు. నాకు మెడ వెనక పొట్టు రాలింది.

అసలు కష్టం క్యూ. చిన్న కోర్టు నిండిపోతే లోపల ఒకరు లేస్తేనే బయట ఒకరిని పంపుతారు. మధ్యలో లేచిపోయేవాళ్లెవరు? మన దేశపు కుర్రాడి ఆట, భారతీయులంతా అక్కడే ఉన్నారు. ప్రతి గేమ్ అయ్యాక జనాన్ని లోపలికి వదిలే పద్ధతి ఆ ఏడాదే మొదలైందట. అయినా నేను లోపలికి వెళ్లేసరికి మొదటి సెట్ అయిపోయింది. నాగల్ 6-4తో గెలిచాడని చప్పట్లను బట్టి తెలిసింది.

కూర్చున్నాక ఆ చిరాకంతా పోయింది. ఆటగాడికీ నాకూ మధ్య పది పన్నెండడుగులు. షూ కీచుమనడం, బంతి తీగలకు తగిలే చప్పుడు, నాగల్ తనలో తను గొణుక్కోవడం, అన్నీ వినిపిస్తున్నాయి. అవతల కజకిస్తాన్ ఆటగాడు అలెగ్జాండర్ బుబ్లిక్, 31వ సీడ్ (ర్యాంకును బట్టి టోర్నీ ముందే ఎంచి పెట్టే మేటి ఆటగాళ్లలో ఒకడు), ఆరున్నర అడుగుల మనిషి. మనవాడు ఆరడుగులు కూడా లేడు, ర్యాంకు 137, అసలు టోర్నీలో చోటు కోసం ఆడే క్వాలిఫయింగ్‌లో మూడు మ్యాచ్‌లు గెలిచి వచ్చాడు. టీవీలో సర్వ్ వేగం అంకెగా కనిపిస్తుంది. అంత దగ్గర్నుంచి చూస్తే బంతి కనపడదు, ఎదుటివాడి రాకెట్ కదలడం మాత్రమే కనపడుతుంది. బుబ్లిక్ సర్వ్‌ని నాగల్ ఎలాగోలా తిప్పి లోపల వేస్తున్నాడు, తర్వాత ర్యాలీలో అటూ ఇటూ పరిగెత్తిస్తున్నాడు. రెండో సెట్ 6-2. మూడోది 6-6 అయి, సెట్ తేల్చే టైబ్రేక్ దాకా వెళ్లింది. నా వెనక ఎవరో “కొట్టరా నాయనా, ఇంకొక్కటి” అని తెలుగులో అరిచారు. టైబ్రేక్ 7-5తో మనవాడిదే, ఐదింట్లో మూడు సెట్లు గెలిచేశాడు కాబట్టి మ్యాచ్ కూడా. లేచి ఆ అరిచినాయనతో చేయి కలిపాను. ఆయనది భీమవరం.

రమేశ్ కృష్ణన్ 1989లో ఇదే టోర్నీలో అప్పటి నంబర్ వన్ మాట్స్ విలాండర్‌ని ఓడించినప్పుడు నేను పేపర్లో చదివి పొంగిపోయాను. ఆ తర్వాత గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో మన మగవాడు సీడెడ్ ఆటగాణ్ణి ఓడించింది మళ్లీ ఆ రోజే. అంతకు నాలుగు నెలల ముందే తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు కూడా లేవని నాగల్ చెప్పుకున్నాడు. ఈ ఒక్క గెలుపుతో రెండో రౌండ్‌కి చేరి 1,80,000 ఆస్ట్రేలియా డాలర్లు ఖాయం చేసుకున్నాడు, అప్పటి మన లెక్కలో దాదాపు 98 లక్షల రూపాయలు. ఇలాంటప్పుడు నాకు మన తెలుగు టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని గుర్తొస్తాడు. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ గెలిచి అసలు టోర్నీకి (మెయిన్ డ్రాకి) వెళ్లి, మొదటి రౌండ్‌లోనే ఐదు సెట్లాడి ఓడిపోయాడు.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. లైన్ దగ్గర మనుషులు లేరు. యంత్రమే చూసి, రికార్డు చేసిన గొంతుతో “అవుట్” అంటుంది. తప్పులు చాలా తక్కువ, ఒప్పుకుంటాను. కానీ బంతి పడ్డ చోటు చూపించి వాదించనిదే నాకు ఆట ఆడినట్టు, చూసినట్టు ఉండదు.

ఇక రాత్రి టికెట్. గురువారం, జనవరి 18. ఆ పగలే నాగల్ 18 ఏళ్ల చైనా కుర్రాడు షాంగ్ జున్‌చెంగ్ చేతిలో 2-6, 6-3, 7-5, 6-4తో ఓడిపోయాడు, ఇంట్లో ఫోన్లో చూశాను. సాయంత్రం అబ్బాయి రాడ్ లేవర్‌కి తీసుకెళ్లాడు. సీట్లు పై వరసల్లో, మెత్తగా బానే ఉన్నాయి. పైనుంచి చూస్తే కోర్టు మొత్తం కనిపిస్తుంది, ఎవరు ఎటు ఖాళీ వదిలారో బాగా తెలుస్తుంది. మనుషులు మాత్రం క్యారమ్ బిళ్లల్లా ఉన్నారు. ముందరి మ్యాచ్‌లు సాగి సాగి, రష్యా ఆటగాడు మెద్వెదెవ్, ఫిన్లాండ్ ఆటగాడు రూసువువోరి మ్యాచ్ రాత్రి 11 దాటాక మొదలైంది. మెద్వెదెవ్ మొదటి రెండు సెట్లూ పోగొట్టుకున్నాడు. “ఇంకేముంది, ఓడిపోయాడు, పోదాం పద” అన్నాను. కారులోనే నిద్రపోయాను.

తెల్లారి చూస్తే మెద్వెదెవ్ ఐదు సెట్లలో గెలిచాడు, చివరి సెట్ 6-0. మ్యాచ్ ముగిసింది తెల్లవారుజామున 3:39కి. నేనైతే ఇంతసేపు ఉండేవాణ్ణి కాదని ఆయనే చివరిదాకా కూర్చున్న జనంతో అన్నాడట. అది చదివాక నాకు కాస్త తప్పు తగ్గినట్టనిపించింది. అబ్బాయి మాత్రం ఇప్పటికీ ఆ టికెట్ డబ్బులు గుర్తు చేస్తాడు.

మళ్లీ వెళ్తే మొదటి మూడు రోజుల్లో రెండు గ్రౌండ్ పాస్‌లు కొనమని చెప్పాను. మన్నికైన టోపీ ఒకటి, పులిహోర డబ్బాకి గట్టి మూత ఒకటి కావాలి. పోయినసారి సంచిలో నూనె కారి ప్రోగ్రామ్ పుస్తకం పాడైంది, నాగల్ పేరున్న పేజీ పసుపు మరకతోనే తెనాలి వచ్చింది.