కండ్లు మండుతుంటే చుక్కలా, కాపడమా?

మిర్యాలగూడ రైస్ మిల్లు దుమ్ములో పనిచేసేవాళ్లూ, నారాయణపేటలో పొద్దంతా మగ్గం ముందు రెప్ప వాల్చనివాళ్లూ అడిగేది ఒకటే: కండ్లల్ల ఇసుక పోసినట్టుంది, చుక్కలు వేసుకోవాలా, కాపడం పెట్టుకోవాలా? ఇది కంట్లో తడి చాలని పొడికన్ను సంగతి; చుక్కలంటే కన్నీటిలా కంటిని తడిపేవి.

ఖర్చు: చుక్కల సీసా మూత తీసిన నెలకు పారేసి కొత్తది కొనాలి. కాపడానికి శుభ్రమైన బట్ట, వేడినీళ్లు చాలు.

శ్రమ: చుక్కలు అర నిమిషం పని. కాపడం రోజూ పది నిమిషాలు. బట్ట రెండు నిమిషాలకే చల్లారుతుంది, మళ్లీ ముంచి పిండాలి. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మెల్లగా రాయాలి. వారానికే విసుగొచ్చి వదిలేస్తారు, అసలు చిక్కు అదే.

ప్రమాదం: ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపే రసాయనం) ఉన్న చుక్కలు రోజుకు 4 సార్లు దాటితే అవే కంటిని మండించొచ్చు. అది లేనివి అడగండి, ధర ఎక్కువే. ఎరుపు తగ్గించే చుక్కలు వేరే మందు, పొడికన్నుకు పనికిరావు. కాపడంతో భయం కాలుతుందనే. ముందు ముంజేతి మీద చూసుకోండి.

కన్నీరే తక్కువ ఊరేవాళ్లకు చుక్కలు. రెప్పల అంచున నూనె గ్రంథులు మూసుకుపోయినవాళ్లకు కాపడం. చాలామందికి రెండూ కావాలి. నొప్పి, చూపు మసక, నోరు కూడా ఎండిపోవడం ఉంటే మాత్రం నేరుగా కంటి డాక్టరు దగ్గరికే.