నొప్పి మాత్రకు పండుతో పడుతుందా: మందుల తనిఖీ యాప్‌పై సమీక్ష

డాక్టర్ చీటీ లేకుండా దొరికే నొప్పి మాత్రలు వేసుకున్నప్పుడు ఏ పండు తినవచ్చో, ఏది తినకూడదో చెప్పే ఉచిత యాప్ ఒకటి కొంతకాలంగా వాడుతున్నాను. ఒక గడిలో మాత్ర పేరు, పక్క గడిలో పండు పేరు నింపితే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో ఏదో ఒక గుర్తు వెలుగుతుంది. దాని అడుగున సన్నటి అక్షరాల్లో 'ఎందుకు' అనే మీట ఉంటుంది. యాప్‌లో చదవదగిన సరుకంతా ఆ మీట వెనకే ఉంది.

పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మూడింటికీ పంపరపనసను పోలిన పుల్లటి పండైన గ్రేప్‌ఫ్రూట్‌ను జతచేసి చూస్తే మూడుసార్లూ పసుపే వచ్చింది. వివరణ తెరిస్తే మాత్రం విషయం వేరుగా ఉంది. ఆ పండులోని ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు పేగు గోడలో ఉండి కొన్ని మందులను విడగొట్టే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును పనికిరాకుండా చేస్తాయనీ, కొత్త ఎంజైము తయారయ్యేవరకు, అంటే ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఆ ప్రభావం పోదనీ అందులో చక్కగా రాశారు. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందు మీద మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండేందుకు గ్రేప్‌ఫ్రూట్ రసం కలపడంతో ఈ సంగతి అనుకోకుండా బయటపడిందని కూడా చెప్పారు. అయితే పారాసిటమాల్ ఎక్కువ భాగం కాలేయంలో గ్లూకురోనిక్ ఆమ్లంతోనూ సల్ఫేట్‌తోనూ కలిసి బయటికి పోతుంది. ఐబుప్రొఫెన్ పని ప్రధానంగా సీవైపీ2సీ9 అనే వేరే ఎంజైము చూసుకుంటుంది. ఆస్పిరిన్‌ను ఎస్టరేజులు అనే మరో రకం ఎంజైములు విడగొడతాయి. ఈ మూడింటిలో దేనికీ పేగులోని ఆ ఎంజైముతో చెప్పుకోదగ్గ పని లేదు కాబట్టి అక్కడ ఆకుపచ్చ ఉండాలి. తమ వివరణనే తాము చదవకుండా రంగు వేసినట్టుంది.

అలర్జీకి వాడే ఫెక్సోఫెనడిన్ విషయంలో యాప్ మెప్పించింది. తలనొప్పి మాత్రతో పాటు దీన్ని కూడా వేసుకునేవారు చాలామందే ఉంటారు. ఆపిల్, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ రసాలు పేగులోని రవాణా ప్రోటీన్లను అడ్డుకుని ఈ మందు ఒంటికి పట్టకుండా చేస్తాయి. అందువల్ల దీన్ని నీళ్లతోనే మింగాలి. ఎరుపు గుర్తు ఇక్కడ సబబే.

ఇక అరటిపండు, ఐబుప్రొఫెన్ జతకు ఆకుపచ్చ చూపించింది. ఆరోగ్యవంతులకు అది నిజమే, కానీ నాకు ఎక్కువ అసంతృప్తి కలిగించినది ఇదే. ఐబుప్రొఫెన్ వంటి మందులు మూత్రపిండాలు పొటాషియంను బయటికి పంపే వేగాన్ని తగ్గించగలవు; మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు ఇచ్చే ఏసీఈ ఇన్హిబిటర్లు లేదా స్పైరోనోలాక్టోన్ అనే మందులు వాడేవారు ఐబుప్రొఫెన్ వంటివి మింగుతూ పొటాషియం దండిగా ఉండే పండ్లు కూడా తింటే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది. వయసెంత, మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, రోజూ వేసుకునే మందులేమిటి అన్న ప్రశ్నలకు ఇందులో మూడో గడే లేదు.

ఏ పండుకైనా మాత్రకైనా మధ్య అరగంట ఎడం పాటించమన్న సలహా కూడా యాంత్రికంగా ఉంది. కడుపులో ఏదైనా ఉంటే పారాసిటమాల్ కాస్త ఆలస్యంగా పనిచేస్తుందే గానీ ఒంటికి పట్టే మొత్తం పెద్దగా తగ్గదు. గ్రేప్‌ఫ్రూట్ ప్రభావం నిజంగా ఉన్న మందులకైతే అరగంట ఎడం ఎందుకూ చాలదు.

ఐదు మార్కులకు మూడు ఇస్తాను, అవి పూర్తిగా 'ఎందుకు' మీటకే. ఆరోగ్యంగా ఉండి, ఎప్పుడో ఒకసారి పారాసిటమాల్ వేసుకునేవారు యాప్ చూపే పసుపుకు కంగారు పడి పండు మానేయనక్కరలేదు. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్, రక్తపోటుకు ఫెలోడిపిన్ వంటివి రోజూ వాడేవారు మాత్రం, మూడో గడి వచ్చేంతవరకు, తమ మందుల జాబితాను ఫార్మసిస్టుకు చూపించి అడగాలి.