ఇత్తడి బుద్ధుడా, చెక్క బుద్ధుడా?

ఇంట్లో బుద్ధ విగ్రహం పెట్టుకోవాలనుకునేవాళ్లు చాలామంది నన్ను ముందు అడిగేది ముద్ర గురించే, అంటే చేతుల భంగిమ గురించే. కుడిచేయి నేలను తాకే భూస్పర్శ ముద్ర మంచిదా, రెండు చేతులూ ఒళ్లో ఉంచుకునే ధ్యానముద్ర మంచిదా అని. మొదటిది బుద్ధుడు జ్ఞానోదయం పొందిన ఘట్టాన్ని చూపిస్తుంది, రెండోది ధ్యానానికి కూర్చునే మూలకు బాగా నప్పుతుంది. మనసుకు నచ్చింది తీసుకోండి. నేను మాత్రం వేరే లెక్క చూస్తాను: పదేళ్ల తర్వాత ఆ ముఖం ఎలా ఉంటుంది? అక్కడే ఇత్తడికీ చెక్కకూ తేడా తేలుతుంది.

ముఖంలో మెత్తదనం చెక్కలో పలికినంతగా లోహంలో పలకదు, ఒప్పుకుంటాను. కానీ చెక్కకు గాలిలో తేమతో పేచీ. తేమ పెరిగితే ఉబ్బుతుంది, ఏసీ గదిలో ఎండి ముడుచుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే పగుళ్లు వస్తాయి. ఈ బెడద తెలిసే జపాన్ శిల్పులు లోపల డొల్లగా ఉండేలా ముక్కలు జోడించి విగ్రహాలు చేశారు. జోచో అనే శిల్పి 1053లో అలా చేసిన అమిదా (అమితాభ) బుద్ధుడు అక్కడి బ్యోదోఇన్ ఆలయంలో ఇప్పటికీ ఉన్నాడు. మనం కొనే చిన్న విగ్రహాలు ఎక్కువగా ఒకే ముక్కలో చెక్కినవి. అందుకే పీఠం అడుగు తిప్పి చూడండి. చెట్టు వలయాలకు కేంద్రం అక్కడే కనిపిస్తే పగిలే అవకాశం ఎక్కువ. సన్నటి పిండి రాలుతుంటే పురుగు ఉందేమోనని అనుమానించాలి. నేరుగా ఎండా, ఏసీ గాలీ తగలనివ్వకండి. దుమ్ముకు పొడి మెత్తని బ్రష్ చాలు, తడిగుడ్డ వద్దు.

నా మొగ్గు ఇత్తడి, కంచు వైపే. అవి నల్లబడతాయని చాలామందికి టెన్షన్, నాకేమో నచ్చేదే అది. ముదురు గోధుమరంగులో సమంగా పట్టిన పొర వల్ల లోహానికి నష్టం లేదు. మెరిపించాలనే ఆత్రంతోనే ఎక్కువ విగ్రహాలు పాడవుతాయి. పులుపుతో పదేపదే తోమితే ఇత్తడి పైపొరలోని జింకు కరిగి, రాగి మిగిలి, గులాబీరంగు మచ్చలు తేలతాయి. కనురెప్పలు, పెదవుల అంచులు అరిగిపోతాయి. ఒకసారి అరిగిన చిరునవ్వును ఎవరూ తిరిగి తేలేరు. వారానికోసారి పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలే చిలుము కనిపిస్తే మాత్రం తేమ తగులుతున్నట్టు లెక్క, చోటు మార్చండి. లక్కర్ (మెరుపు పోకుండా వేసే పారదర్శక పొర) పూత ఉన్నవాటిని అసలు తోమకూడదు, పూత లేచినచోట మచ్చలు పడతాయి. నేపాలీ, టిబెటన్ విగ్రహాల ముఖం మీద బంగారు రంగు పూసి ఉంటే గుడ్డ కూడా తాకించకండి. వాటి అడుగున రేకు మూసి ఉంటే లోపల మంత్రాల చుట్టలు ఉండొచ్చు, తెరవద్దు.

పాలరాయి బరువు, పైగా నూనె మరక పీల్చుకుంటే పోదు. రెసిన్ తేలిక, చవక, ఎండకు పసుపెక్కుతుంది. తల మాత్రమే ఉన్న బొమ్మలు చాలామంది బౌద్ధులకు నచ్చవు. లాఫింగ్ బుద్ధ సంగతీ అడుగుతుంటారు: ఆయన గౌతముడు కాదు, బుదాయ్ అనే చైనా సన్యాసి.

ఏది కొన్నా నేల మీద పెట్టకుండా, మీరు కూర్చుంటే మీ కళ్లకన్నా కాస్త ఎత్తులో ఉంచండి. అగరుబత్తి మాత్రం విగ్రహానికి బాగా ఎడంగా వెలిగించండి. ఆ పొగ జిడ్డు ముఖం మీద పేరుకుందంటే ఇత్తడైనా చెక్కైనా వదిలించడం కష్టం.