గుర్తున్నవాడు, మరిచినవాడు

ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ నాటకం ‘గోడో కోసం ఎదురుచూస్తూ’ 1953లో పారిస్‌లో తొలిసారి రంగస్థలమెక్కింది. అందులో గోడో అనే అతని కోసం ఒక చెట్టు దగ్గర ఎదురుచూసే మిత్రులిద్దరిలో వ్లాదిమిర్‌కు నిన్నటి రోజు గుర్తుంటుంది, ఎస్ట్రగాన్‌కు ఉండదు. పైకి కనిపించే తేడా ఇంతే.

కానీ ఎస్ట్రగాన్‌ది పూర్తి మరపు కాదు. రెండో అంకంలో అతను చెట్టునూ చోటునూ గుర్తుపట్టడు. ఎవడో కాలిమీద తన్నాడని, ఎవరో ఎముకలిచ్చారని మాత్రం గుర్తు. ఎప్పుడో చూసిన పటంలో మృత సముద్రపు లేత నీలం కూడా చెక్కుచెదరలేదు. మనుషులు, రోజులు జారిపోయినా నొప్పి, ఆకలి, రంగు మిగిలిన జ్ఞాపకం అది. నాటకంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఇదే.

వ్లాదిమిర్‌ది సాక్షి జ్ఞాపకం. చెట్టుకు ఆకులొచ్చాయని, మిత్రుడి కాలికి గాయముందని రుజువులు చూపుతాడు. ఒప్పుకునేవారే లేరు. ఆ దారిన వచ్చే పోజోకు నిన్న వీళ్ళను కలిసిన సంగతే గుర్తులేదు. గోడో నుంచి కబురు తెచ్చే కుర్రాడు నిన్న తాను రానేలేదంటాడు. అందరూ కాదంటుంటే ఒంటరి జ్ఞాపకం ఎంతసేపు నిలుస్తుంది?

అందుకే వ్లాదిమిర్ మీద నాకు జాలి ఎక్కువ. ఎస్ట్రగాన్ నిద్రపోతాడు. ఇతను మేలుకొని, రేపు లేచాక ఈ రోజు గురించి ఏమని చెప్పాలా అని తడుముకుంటాడు.