బేలీఫ్, కెల్మ్‌స్కాట్: పాత రైతు ఇంటిని ఎలా కాపాడాలి?

బేలీఫ్ ఇంగ్లండ్‌లోని కెంట్‌లో 15వ శతాబ్దంలో కట్టిన చెక్క చట్రం ఇల్లు. రిజర్వాయర్ కోసం 1960ల చివర్లో దాన్ని విప్పి, ససెక్స్‌లోని సింగిల్టన్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. అదీ 1540 ప్రాంతంలో ఉన్నట్టుగా! తర్వాతి తరాలు పెట్టుకున్న పొగగొట్టం, హాలును అడ్డంగా కోసిన పై అంతస్తు తీసేశారు. ఇప్పుడక్కడ కప్పు దాకా ఖాళీగా ఉన్న హాలు, నేల మీదే నిప్పు, అద్దాల్లేని కిటికీలు కనిపిస్తాయి. పొగ కప్పు సందుల్లోంచి పోవాల్సిందే.

ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని కెల్మ్‌స్కాట్ మేనర్ అలా కాదు. 1600 ప్రాంతంలో సున్నపురాతితో కట్టిన రైతు ఇల్లది. అదే శతాబ్దంలో తర్వాత కొత్త భాగం కలిపారు. రెండూ అలాగే ఉన్నాయి. 1871లో దాన్ని అద్దెకు తీసుకున్న కవి, డిజైనర్ విలియం మోరిస్, 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టించాడు. మరమ్మతు చేయండి, పాత రూపానికి తిప్పకండి అన్నది దాని వాదన.

నా ఓటు కెల్మ్‌స్కాట్‌కే. బేలీఫ్‌లో తీసేసిన ఆ పొగగొట్టం కూడా చరిత్రే కదా! కానీ పొగగొట్టాలు రాకముందు జనం ఎలా బతికారో బేలీఫ్‌లో నిలబడితే ఇట్టే అర్థమవుతుంది. ఎలాగూ సొంత చోటు వదిలిన ఇల్లు కాబట్టి అక్కడ ఆ పని సబబే. పుట్టిన నేల మీదే నిలిచిన ఇంటికి మాత్రం అలా చేయకూడదు.