సైకిలు దూరప్రయాణాలకు బొరుగుల ఉండలు: పాతూరు అంగడి సరుకుపై సమీక్ష

అనంతపురం పాతూరులో పెద్ద రోడ్డు వదిలి సందులోకి తిరిగితే, ఇంటి ముందు గదినే అంగడిగా మార్చుకున్న ఒక కుటుంబం బొరుగుల ఉండలు, చెనిక్కాయ (వేరుశనగ) చిక్కీ, నువ్వుల ఉండలు, పప్పుల ఉండలు చేసి అమ్ముతోంది. బోర్డు లేదు. నాలుగు గాజు సీసాలు, రెండు స్టీలు డబ్బాలు, ఒక కాటా ఉంటాయి. ఆదివారం తెల్లవారుజామున సైకిలు మీద గుత్తికో తాడిపత్రికో బయలుదేరే అలవాటున్న నేను, రెండేళ్లుగా దాదాపు ప్రతి శనివారం సాయంత్రం ఈ అంగడికి వెళుతున్నాను. ఈ సరుకు ఇంట్లో కూర్చుని తింటే ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. నాలుగైదు గంటలు ఎండలో, గాలిలో పెడలు తొక్కే మనిషికి ఇది ఏ మేరకు పనికివస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా, అటువంటి తిండి ఏం చేయాలో చెప్పుకోవాలి. మన కండరాలలో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం సుమారు నాలుగైదు వందల గ్రాములే. గట్టిగా తొక్కితే అది ఒకటిన్నర రెండు గంటలలో అడుగంటుతుంది. అందువల్ల గంట దాటిన ప్రయాణంలో ప్రతి గంటకూ 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. రెండున్నర గంటలు మించితే, గ్లూకోజు, ఫ్రక్టోజు కలిసి ఉన్న ఆహారంతో దానిని 90 గ్రాముల దాకా పెంచుకోవచ్చు, ఎందుకంటే ఆ రెండు చక్కెరలూ పేగులలో వేర్వేరు దారుల గుండా రక్తంలోకి చేరతాయి. ఈ లెక్క ఎక్కడైనా ఒకటే. మా జిల్లాలో మాత్రం దీనికి మరికొన్ని షరతులు తోడవుతాయి. ఆ తిండి ఏప్రిల్ ఎండకు జేబులో కరగకూడదు, నోరు పిడచకట్టినప్పుడు కూడా మింగుడు పడాలి, ఒక చెయ్యి హ్యాండిలు మీద ఉండగా రెండో చేత్తో తీసి తినగలిగేలా ఉండాలి.

ఈ పరీక్షలన్నింటిలోనూ నెగ్గినది బొరుగుల ఉండ. కోస్తావారు మరమరాలు అనేవాటినే మేము బొరుగులు అంటాం. ఈ అంగడిలో ఉండ నిమ్మకాయ కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఇంట్లో తూచి చూస్తే ఒక్కొక్కటి 25 గ్రాములకు అటూ ఇటూగా తూగింది. అందులో బెల్లం సగానికి కాస్త ఎక్కువ, మిగిలినవి బొరుగులు. అంటే ఒక ఉండకు దాదాపు 20 గ్రాముల పిండిపదార్థం వస్తుంది, కొవ్వు లేదనే చెప్పవచ్చు. గంటకు రెండు తింటే 40 గ్రాములు, మూడు తింటే 60 గ్రాములు. నడిరోడ్డు మీద అలసిన బుర్రతో కూడా వేసుకోగల లెక్క ఇది. బొరుగులలోని పిండి అరిగి గ్లూకోజు అవుతుంది. బెల్లంలో అధికభాగమైన సుక్రోజు విడిపోయి సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు అవుతుంది. రెండూ కలిపి చూసుకుంటే, క్రీడాకారులు పిండుకుని మింగే ఖరీదైన చక్కెర జెల్ ప్యాకెట్ల మీద గొప్పగా రాసుకునే రెండు పాళ్ల గ్లూకోజు, ఒక పాలు ఫ్రక్టోజు అన్న నిష్పత్తికి ఈ ఉండ చాలా దగ్గరగా వస్తుంది. ఈ లెక్క కట్టిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తినేటప్పుడు దాని తీరు ఇలా ఉంటుంది. పంటితో కొరికితే ఉండ పగిలిపోకుండా, కొరికినంత మేరకే విడివడుతుంది. బొరుగులు నాలుక మీద మెత్తబడి, రెండు గుక్కల నీళ్లతో కరిగినట్టే దిగిపోతాయి. పైన బెల్లం పాకం పలుచని పొరలా మెరుస్తుంది గాని చేతికి అంటదు, అందుచేత తిన్న తరువాత హ్యాండిలు జిగురు కాదు. ఈ గుణమంతా పాకం పట్టడంలో ఉంది. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఆ అంగడి అమ్మ పొయ్యి దగ్గరే ఉన్నారు. గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని, గరిటెతో ఒక చుక్క పాకం అందులో వేసి, వేళ్లతో ఉండ చేసి చూశారు. అది సాగకుండా, గట్టిపడకుండా నిలిచిన క్షణంలోనే బాణలి దింపి బొరుగులు పోశారు. “పాకం రవ్వంత ముదిరితే పండ్లిరుగుతాయి నాయనా, రవ్వంత లేతైతే నీ జేబులోనే కరిగిపోతాది” అన్నారు. వేడి ఆరకముందే, అరచేతులు నీళ్లతో తడుపుకుంటూ, ఉండలు చుట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు కొన్న ఉండలు నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కూడా నా జెర్సీ వెనుక జేబులో ఆకారం చెడలేదు.

ఇక ఇదే అంగడి చెనిక్కాయ చిక్కీ గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే అంత మంచి చిక్కీ నేను మరెక్కడా తినలేదు. చిన్న గింజలు, ఒకే రంగు వచ్చేలా సన్నటి సెగ మీద వేయించి, పొట్టు పూర్తిగా చెరిగి వేస్తారు. కదిరి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన కదిరి-6 రకం గింజలే కొంటామని చెప్పారు. ఒక్క ముక్కలోనూ మక్కిన వాసన గాని చేదు గాని రాలేదు. ఇది చిన్న విషయం కాదు. తేమ తగిలిన వేరుశనగకు పట్టే బూజు వల్ల అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం పుడుతుంది; కనుక ఎక్కడ కొన్నా రంగు మారిన గింజ, చేదు గింజ కనిపిస్తే ఊసేయవలసిందే. వేరే ఊరి బస్టాండు దగ్గర కొన్న ఒక ప్యాకెట్టును నేను రెండు ముక్కలు తిని పారేయవలసి వచ్చింది.

అయినా తొక్కుతూ తినడానికి చిక్కీ తగదు. సగం గింజలు, సగం బెల్లం అనుకుంటే వంద గ్రాముల చిక్కీలో పిండిపదార్థం 50 గ్రాములు, కొవ్వు 24 గ్రాముల దాకా ఉంటాయి. కొవ్వు కడుపులో ఆగుతుంది. బెల్లం ఇచ్చే శక్తిని కూడా తనతో పాటే ఆపుతుంది. ఈ సంగతి తెలియక మొదటి సంవత్సరం గుత్తి ప్రయాణానికి చిక్కీ మాత్రమే తీసుకువెళ్లాను. చెనిక్కాయల జిల్లావాడిని, అంతకంటే బలమైన తిండి ఏముంటుందని నా నమ్మకం. తిరుగు దారిలో పామిడి దాటిన తరువాత కాళ్లలో సత్తువ ఒక్కసారిగా ఆరిపోయింది. చేతులు వణికాయి, చల్లటి చెమట పట్టింది, ముందు పోతున్న లారీ ఎంత దూరంలో ఉందో అంచనా అందలేదు. దీనినే సైకిలు తొక్కేవాళ్లు బాంక్ కావడం అంటారు. కడుపులో మాత్రం రాయి పెట్టినట్టు బరువుగా ఉంది. ఒక వేపచెట్టు కింద అరగంట కూర్చుని, పక్క అంగడిలో చక్కెర కలిపిన నిమ్మరసం రెండు గ్లాసులు తాగిన తరువాత గాని లేవలేకపోయాను. పైగా రొప్పుతూ తొక్కేటప్పుడు నలిగిన గింజ ముక్క గొంతుకు అడ్డం పడితే వచ్చే దగ్గు, లారీలు తిరిగే రోడ్డు మీద ప్రమాదకరం. అందుచేత చిక్కీని నేను ఇప్పుడు గుత్తి కోట కింద అరగంట ఆగి విశ్రాంతి తీసుకునేటప్పుడు ఒక ముక్క, ఇంటికి చేరాక మరొకటి తింటున్నాను. ఆ రెండు సమయాలలోనూ దానికి సాటి లేదు.

పోల్చి చూడడానికి బయటి సరుకు కూడా కొన్నాను. ఒక కంపెనీ ఎనర్జీ బార్ మీది చాక్లెట్ పూత తొమ్మిది గంటల ఎండకే కరిగి కాగితానికి అతుక్కుపోయింది. లోపలి ముద్ద నోటిలో పిండిలా అంటుకుని, అరబాటిల్ నీళ్లు తాగితే గాని దిగలేదు. ప్రోటీను ఎక్కువని కవరు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు గాని, తొక్కుతున్న సమయంలో కాళ్లకు కావలసినది అది కాదు. జెల్ మాత్రం నిజంగా పనిచేస్తుంది. ఒక ప్యాకెట్టుకు 20 నుంచి 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, త్వరగా ఒంటబడుతుంది. కాని ఒక్క జెల్ ధరకు ఈ అంగడిలో ఇరవై ఉండలు వస్తాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో పూర్తి చేయవలసిన బ్రెవే వంటి ప్రయాణంలో, చివరి గంటలలో నమలడం కూడా విసుగనిపించినప్పుడు వాడడానికి ఒకటి రెండు దగ్గర ఉంచుకుంటే చాలు.

పండ్లలో అరటిపండును అందరూ చెబుతారు, నేనూ చెబుతాను, కాని మొదటి గంటన్నరకే. మా మార్కెట్టులో దొరికే చిన్న ఏలక్కి పండ్లు రెండు ముక్కల్లో అయిపోతాయి, జేబులో ఇముడుతాయి. పెద్ద పచ్చ అరటిపండు ఒకటి 25 గ్రాముల దాకా పిండిపదార్థం ఇస్తుంది గాని, ఎండలో వీపు వేడికి త్వరగా నలిగి కాటుక రంగుకు తిరుగుతుంది. ఖర్జూరాలకు ఆ బాధ లేదు. గింజ తీసి, లోపల చిటికెడు ఉప్పు అద్ది, చిన్న డబ్బాలో పెట్టుకుంటే, అయిదారు ఖర్జూరాలు ఒక గంటలో సగం అవసరం తీరుస్తాయి. వేళ్లకు జిగురు అంటడమే వాటితో ఇబ్బంది. చీనీకాయ (బత్తాయి) ఆగినప్పుడు వలుచుకుని తినవలసిన పండు. దాని రసంలో ఉప్పు వేసుకుని తాగితే ప్రాణం లేచివస్తుంది.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి ఈ ఉండల అసలు లోపం చెప్పాలి: వాటిలో ఉప్పు బాగా తక్కువ. ఉరవకొండ వైపు గాలిమరల మధ్య నుంచి ఎదురుగాలికి తొక్కి వచ్చిన రోజున నా జెర్సీ మీద తెల్లటి చారలు కట్టి ఉంటాయి. ఆ ఉప్పును తిండితోనో నీళ్లతోనో తిరిగి చేర్చకపోతే పిక్కలు పట్టేస్తాయేమో అన్న భయం ఒక్కటే కాదు, వట్టి నీళ్లే అదే పనిగా తాగడం కూడా మంచిది కాదు. రెండు బాటిళ్లలో ఒకదానిలో నేను ఓఆర్‌ఎస్ కలుపుకుంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి కలపవలసిన పొడి 20.5 గ్రాములు, అందులో ఉప్పు 2.6 గ్రాములు. ఆ సూత్రం ప్రకారం లేని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అయినా మందుల అంగడిలో ప్యాకెట్టు వెనుక రాసిన కొలతలు చదివి కొనడమే మేలు.

బయలుదేరే ముందు తినే తిండి గురించి ఒక్క మాట. నాలుగున్నరకు ఇంట్లో చేసుకున్న ఒక చిన్న పళ్లెం ఉగ్గాని నాకు సరిపోతుంది. అదీ బొరుగులే కాబట్టి తేలికగా అరుగుతుంది. మిరపకాయ బజ్జీ మాత్రం తిరిగి వచ్చాకే. పండుగ మరునాడు ఓళిగ (బొబ్బట్టు) మిగిలి ఉంటే దానిని నాలుగు మడతలు పెట్టి, నూనె కాగితంలో చుట్టి తీసుకువెళతాను. నెయ్యి తక్కువ రాసిన ఓళిగ యాభైయో కిలోమీటరు దగ్గర ఇచ్చే తృప్తి వేరు, కాని ప్రతి వారం దొరికేది కాదు.

అంగడి విషయానికి తిరిగి వస్తే, ఉండ ఒక్కటి 5 రూపాయలు, పావుకిలో చిక్కీ 60 రూపాయలు. ఈ నాణ్యతకు ఇది చాలా తక్కువ ధర. మెరుగుపరచుకోవలసినవి రెండున్నాయి. పలుచని ప్లాస్టిక్ సంచిలో అన్నీ కలిపి పోసి ఇస్తారు. దారిలో ఆ సంచి ముడి విప్పడం ఒంటిచేత్తో కాదు. నేను ఇంటికి తెచ్చుకుని ఒక్కొక్క ఉండను నూనె కాగితంలో చుట్టి, కొసలు వదులుగా మెలిపెడతాను. పంటితో లాగితే ఊడి వస్తుంది, కాగితం మళ్లీ జేబులోకే పోతుంది. రెండవది, ఏ రోజు చేసినవో సీసాల మీద రాయరు, అడిగి తెలుసుకోవాలి. మా జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే కాబట్టి, గాలి పొడిగా ఉండి, సంవత్సరంలో చాలా నెలలు ఉండలు వారం దాకా కరకరలాడుతూనే ఉంటాయి. వానలు ఎక్కువగా పడే సెప్టెంబరు, అక్టోబరులలో మాత్రం మూడో రోజుకే మెత్తబడి సాగుతాయి. ఆ రెండు నెలలు ఏ రోజుకు ఆ రోజు కొనుక్కోవాలి, లేదా ఖర్జూరాలకు మారాలి.

పోయిన చలికాలంలో 200 కిలోమీటర్ల ప్రయాణానికి ముందు, పాకంలో కాస్త ఎక్కువ ఉప్పు, చిటికెడు శొంఠి వేసి చిన్న ఉండలు చేసి ఇవ్వగలరా అని ఆ అమ్మను అడిగాను. ఉప్పు వేస్తే ఎవరు తింటారని ముందు సందేహించి, తరువాత ముప్పై ఉండలు చేసి ఇచ్చారు. పదకొండో గంటలో, తీపి అంటేనే మొహం మొత్తిన స్థితిలో, ఆ ఉప్పదనం వల్లనే నేను తినగలిగాను. ఇప్పుడు నాతో తొక్కే మరో ఇద్దరు కూడా అవే అడుగుతున్నారు. కావలసినవారు గురువారం నాటికి చెప్పిపెట్టాలి. ఆమె శనివారం మధ్యాహ్నం పాకం పడతారు. నాలుగు దాటాక వెళితే, ఇంకా గోరువెచ్చగా ఉన్న ఉండలనే కాటాలో వేసి ఇస్తారు.