150 రూపాయల గుండ్రటి అద్దం: నాలుగు నెలలు వాడాక

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర నా టూవీలర్ కుడి అద్దంలో చూశాను, ఎవరూ లేరు, ఇండికేటర్ వేసి కాస్త కుడికి జరిగానో లేదో చెవి పక్కనే హారన్. టాక్సీ. అద్దానికీ నా కంటి చివరికీ మధ్య ఒక సందు ఉంటుంది కదా, అది అప్పటిదాకా ఆ సందులోనే నాతో సమానంగా వస్తోంది. ఆ టెన్షన్ తగ్గక మరుసటి రోజే స్పేర్ పార్టుల అంగడికి పోయి బ్లైండ్ స్పాట్ అద్దాల జత, అంటే ఆ సందుని చూపించడానికి బండి అద్దాల మీద అంటించే చిన్న అద్దాలు, తెచ్చుకున్నాను.

రెండంగుళాలుంటుంది, వెనక టేపు. బడిలో చదివిన కుంభాకార దర్పణమే, ఉబ్బెత్తుగా ఉండడం వల్ల ఎక్కువ వెడల్పు చూపిస్తుంది. "ఏం లేదు సామీ, కాగితం పీకి అంటించడమే" అన్నాడు అంగడాయన. అట్లే అంటించా. ఎనిమిదో రోజు వాటర్ సర్వీసులో ఎడమది ఊడి కాలవలో పడింది. రెండో జతకి బుద్ధిగా స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అర నిమిషం నొక్కి పట్టి, ఒక రోజంతా తడి తగలనీయలేదు. అది కదల్లేదు. అంటించాల్సింది బయటివైపు కింది మూలలో, లోపలివైపు ఎలాగూ మన మోచెయ్యే కనిపిస్తుంది.

పని చేస్తుందా అని ఇంటి ముందు బండి స్టాండు వేసి, కూర్చుని, తమ్ముణ్ణి వెనకనుంచి కుడిపక్కగా నడవమన్నాను. పెద్ద అద్దంలోంచి మాయమయ్యాక కూడా నాలుగడుగులు చిన్నదాంట్లో కనిపించాడు, ఆ తర్వాత నేరుగా కంటి చివరికి వచ్చేశాడు. ఎడమపక్క మాత్రం ఒక అడుగు సందు ఇంకా మిగిలింది. హెల్మెట్ పెట్టుకుంటే రెండు పక్కలా మరికాస్త పెరిగింది.

ఇక తిట్టాల్సినవి. దీంట్లో బండ్లన్నీ చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి, దాన్ని నమ్మి "ఇంకా దూరంలో ఉన్నాడులే" అనుకుంటే అంతే. నా బండి 60 దాటితే అద్దం వణికి అన్నీ అలుక్కుపోతాయి. రాత్రి హెడ్‌లైట్ ఒక చుక్క, అది బైకో లారీయో తెలియదు. కాబట్టి నేను దీన్ని ఎవరో ఉన్నారని చెప్పే కాపలాదారుగానే వాడుతున్నా, జరిగే ముందు మాత్రం గడ్డం భుజం మీదికి తిప్పి ఒక్కసారి చూస్తున్నా.

ఇంకోటి, ఇది మన సందు సంగతి మాత్రమే చూసుకుంటుంది. రేణిగుంట రోడ్డులో బస్సు వెనక పోయేటప్పుడు ఆ బస్సు సైడు అద్దంలో డ్రైవర్ మొహం మనకి కనిపించకపోతే ఆయనకి మనం కనిపించనట్టే, దానికి ఎన్ని అద్దాలు అంటించుకున్నా లాభం లేదు, వెనక్కి తగ్గాల్సిందే. పైగా బస్సు ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఆ పక్కన దూరేవాళ్లని చూస్తే నాకే గుండె ఆగిపోతుంది.

ఐదుకి మూడున్నర ఇస్తా. మా నాయన మోపెడ్‌కి కూడా ఒక జత తెచ్చాను, అంటించనివ్వలేదు. "ఉన్నవే తల దువ్వుకోవడానికి పెట్టుకున్నా, ఇదెందుకురా" అన్నాడు.